ముల్లు పడిపోయిన రోజు

బాజిల్
జనవరి 1983

జెడ్డాలో ఉన్న బామ్మర్ది హమూద్‌కి, బావ ముక్బిల్ చెప్పి రాయిస్తున్నది.

నువ్వు పంపిన పెజో బండి క్షేమం, మేమూ క్షేమం. రాసేది మీ అక్క. అక్షరాలు బాగుంటే నా అదృష్టం, తప్పులుంటే మీ ఇంటి చదువు.

ఇంత పాత బండి మనాఖా కొండల ఘాటు ఇంత కుదురుగా ఎక్కడం బాజిల్ టాక్సీ స్టాండులో ఎవరూ చూళ్ళేదు. పొద్దున ఎక్కించుకున్న మనుషుల్ని మధ్యాహ్నం నమాజు వేళకి సనాలో దించుతున్నాను. జెడ్డా గ్యారేజీలో ఏసీ కింద కూర్చుని బోల్టులు బిగించే నీకు ఘాటు సంగతి ఏం తెలుసు గానీ, బండి మాత్రం మంచిదే పంపావు. ఒప్పుకుంటున్నాను.

బండి రాగానే ఉబైద్ మేస్త్రీ ఇంజన్లోంచి ఆ చలిదేశపు బిళ్ళ పీకేశాడు. అదే, మీరు థర్మోస్టాట్ అంటారే, అది. ఇక్కడ అందరం పీకించేస్తాం. మంచు పడే ఊళ్ళవాళ్ళు ఇంజన్ వెచ్చబడటానికి పెట్టుకున్న వస్తువు మా ఎండలో ఎందుకు? ఇప్పుడు నీళ్ళు అడ్డం లేకుండా పారుతున్నాయి. బండి చల్లగా ఉంది. ఇంకేం లేవు. ఉంటాను.

బావ చెప్పింది అక్కడితో అయిపోయింది. ఖాత్ ఆకు నమలడానికి స్నేహితుల దగ్గరికి వెళ్ళాడు. ఇక ఇది నేను రాసేది.

తమ్ముడూ, చల్లగా ఉంది అని రాస్తుంటే నాకు నవ్వొచ్చింది. చల్లగా ఉన్న బండికి టాపు మీద నీళ్ళ డబ్బాలెందుకు? వెళ్ళేటప్పుడు నిండుగా వెళ్తాయి, వచ్చేటప్పుడు ఖాళీగా దడదడలాడుతూ వస్తాయి. అడిగితే నమాజుకి కాళ్ళు కడుక్కోవడానికంటాడు. మీ బావ కాళ్ళు అంత పెద్దవని పెళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఉబైద్ బండిని మా వాకిట్లోనే విప్పాడు. ఆ బిళ్ళని చెత్తలో విసిరేస్తే నేను తెచ్చి సాంబ్రాణి డబ్బాలో దాచాను. ఇత్తడిది, ముచ్చటగా ఉంది. దానితో పనుందా?

అక్క తఖియ్య


జెడ్డా
ఫిబ్రవరి

బావకి సలాం.

ఏసీ అన్నావు. మా గ్యారేజీకి పైన రేకులు బావా. మధ్యాహ్నం రెంచీ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

అది చలిదేశపు బిళ్ళ కాదు. గుమ్మం దగ్గర నిలబడే కాపలాదారు అనుకో. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ తలుపు మూసి ఉంచుతుంది, తగినంత కాగగానే తెరుస్తుంది. అది ఉంటే మీటర్లో ముల్లు తెల్లవారి చలిలో కాసేపటికే మధ్యకి వచ్చి నిలబడుతుంది. ఎండలో ఘాటెక్కుతున్నా మధ్యకి కాస్త పైనే ఉంటుంది తప్ప చిందులు తొక్కదు. ఇంజన్‌కి అదే ఆరోగ్యం. ఒంటికి జ్వరం మంచిది కాదు, నిజమే. అలాగని ఒళ్ళు చల్లబడిపోతే సంతోషిస్తామా? ఇప్పుడు నీ ముల్లు దిగువన పడుకుంటుంది, ఎక్కేటప్పుడు లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఏది మామూలో, ఏది రోగమో నీకే తెలియకుండా పోతుంది.

ఇంకోటి. బాజిల్లో మరగని నీళ్ళు మనాఖాలో మరుగుతాయి. కొండమీద గింజలు ఉడకవని అమ్మ విసుక్కునేది గుర్తుందా అక్కని అడుగు. ఎత్తుకి పోయేకొద్దీ నీళ్ళు తొందరగా పొంగుతాయి. ఆ పొంగు ఆపేది రేడియేటర్ మూత. దాని రబ్బరు ఎండిందేమో చూడు. పైపులు చేత్తో నొక్కి చూడు. మెత్తబడినా, పగుళ్ళున్నా మార్పించు.

అక్కా, విడిగా మడిచిన ఈ కాగితం నీకు. ఆ బిళ్ళని జాగ్రత్తగా ఉంచు. గిన్నెలో నీళ్ళు పోసి, అందులో వేసి పొయ్యి మీద పెట్టు. నీళ్ళు మరిగేలోపు అది నోరు తెరవాలి, చల్లారాక మూసుకోవాలి. అలా చేస్తే అది బతికున్నట్టు. బండికి నీళ్ళు ఎంత పడుతున్నాయో, కింద తడి కనిపిస్తుందో లేదో కనిపెట్టి రాయి.

నీ రాత ఈసారి వంకరగా ఉంది. ఒంట్లో బాగుందా?

హమూద్


బాజిల్
ఏప్రిల్

జెడ్డా మేస్త్రీగారికి ముక్బిల్ సలాం.

మీ పాఠం రెండుసార్లు చదివించుకున్నాను. ఈ ఘాటు మీద నేను బండి తోలడం మొదలెట్టినప్పుడు మీరు బడి ఎగ్గొట్టి రేగుపళ్ళు ఏరుకుంటున్నారు. మూత బాగానే ఉంది, పైపులు బాగానే ఉన్నాయి, డ్రైవరూ బాగానే ఉన్నాడు. స్టాండులో మీ ఉత్తరం సంగతి చెబితే అందరూ నవ్వారు. అంతే సంగతులు.

తమ్ముడూ, ఈసారి కోపంగా వెళ్ళాడు, తలుపు దడాలున వేసి మరీ.

నువ్వు చెప్పినట్టే చేశాను. కాఫీ పొట్టుతో కిషర్ కాచే గిన్నెలో ఆ బిళ్ళ వేసి కూర్చున్నాను. నీళ్ళకి అడుగున చిన్న చిన్న బుడగలు వస్తుండగా మెల్లగా నోరు తెరిచింది. వల్లాహ్, పిట్టపిల్ల తెరిచినట్టే తెరిచింది. నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను. మీ బావని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. చూశాడు. "అది నోరు తెరిచింది, ఇక నువ్వు ముయ్యి" అని వెళ్ళిపోయాడు. ఆ గిన్నెలో కాచిన కిషర్ ఆ సాయంత్రం ఆయనకే పోశాను.

బండి కింద తడి కనిపిస్తోంది. ఇంజన్ కిందివైపు లావుపాటి పైపు ఉంటుందే, దాని కొస దగ్గర. ఆయన గుడ్డ చుట్టాడు. నేను చూడలేదనుకుంటున్నాడు.

రాత వంకర ఎందుకని అడిగావు. ఇన్నాళ్ళూ దాచాను, నోటితో అంటే ఎక్కడ పోతుందోనని భయం. నాకు ఆరో నెల. ముందు ఇద్దరు బిడ్డలూ ఎలా పోయారో నీకు తెలుసు. ఈసారి కోత పెట్టి బిడ్డని తీయాలని అప్పట్లో నన్ను చూసిన డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ ఇప్పుడు సనా ఆస్పత్రికి మారింది. నెలలు నిండకముందే వచ్చి చేరమని కబురు పంపింది. అంటే ఆ ఘాటు, ఆ బండి. నాకు బండి మీద ఇంత ధ్యాస ఎందుకో ఇప్పుడైనా అర్థమైందా?

తఖియ్య


జెడ్డా
మే

ముక్బిల్‌కి.

ఈసారి బావా అనను. మా అక్క కడుపుతో ఉందని నువ్వు చెప్పలేదు. గుడ్డ చుట్టిన పైపుతో, బిళ్ళ లేని ఇంజన్‌తో ఆమెని ఘాటెక్కిస్తావా? నీ బింకం ముందు ఆమె ప్రాణం నీకు ఇంతేనా? మీ స్టాండులో నవ్విన వాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు దారిలో ఇంజన్ హెడ్డు పగలగొట్టుకున్నవాళ్ళే. వాళ్ళనే అడుగు, ఎలా పగిలిందో.

తిట్టాను. ఇప్పుడు చెప్పేది విను, తర్వాత నన్ను నువ్వూ తిట్టు.

నీళ్ళు తగ్గుతుంటే ముల్లు పైకి పోతుంది. అది అందరికీ తెలుసు. నీళ్ళు పూర్తిగా పోతే ముల్లు కిందికి పడిపోతుంది. ఇది ఎవరూ నమ్మరు. ఆ మీటర్ నీళ్ళ వేడిని కొలుస్తుంది, ఇంజన్ వేడిని కాదు. నీళ్ళే లేనప్పుడు అది కొలిచేదేముంది? పైకి పోయిన ముల్లు ఉన్నట్టుండి పడిపోతే చల్లబడిందని మురిసిపోవద్దు. హీటర్ తిప్పి చూడు. వేడిగాలి వస్తే నీళ్ళున్నట్టు. చల్లగాలి వస్తే ఇంజన్ ఎండిపోయి కాలుతున్నట్టు. ఆ క్షణమే ఆపెయ్.

ఆపాక నీళ్ళు పొయ్యకు. కాలుతున్న ఇనుము మీద చల్లనీళ్ళు పడితే పగులుతుంది. హెడ్డు మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగేదాకా ఆగు. తర్వాత కొంచెం కొంచెంగా పొయ్యి. పైపు మీద ఒత్తిడి పడకుండా మూత సగమే తిప్పి వదిలెయ్, హీటర్ పూర్తిగా తెరిచి నడుపు. లోపల ఉడికిపోతారు, పరవాలేదు. హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత లాక్కుంటుంది.

పైపు కొనే ఓపిక లేకపోతే అక్కని వేరే బండిలో పంపు.

హమూద్


బాజిల్
జూన్

తమ్ముడూ,

ఈసారి చెప్పి రాయించేవాడు లేడు, నేనొక్కదాన్నే. నీ ఉత్తరం మొదటి వాక్యం చదివానో లేదో చెయ్యెత్తి ఆపేశాడు. "బావా అనననంటాడా? అయితే చదవొద్దు. పొయ్యిలో పెట్టు" అన్నాడు. మిగతాదంతా నేనే చదువుకున్నాను, ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. తర్వాత రెండు మూడుసార్లు మాట ఎత్తబోయాను. లేచి వెళ్ళిపోతాడు.

వేరే బండి అన్నావు. ముక్బిల్ పెళ్ళాం ఇంకొకడి టాక్సీలో ఎక్కి వెళ్తుంటే స్టాండంతా చూస్తుంది. ఆయన మరి బతికినట్టుండడు. ఆ మాట ఆయనతో అనడం నాకే చేతకావడం లేదు. కొత్త పైపు హుదైదాలో దొరకలేదట, మనిషికి చెప్పి ఉంచానన్నాడు. వెతికాడనే అనుకుంటున్నాను.

గురువారం బయల్దేరుతున్నాం. నా పరుపూ, ట్రంకు పెట్టే పట్టాలని టాపు మీంచి నీళ్ళ డబ్బాలు దించేశాడు. "దారంతా సబీళ్ళే కదా, తాగడానికి లోటేముంది" అంటాడు. తాగడానికి లోటు లేదు. సబీల్ తొట్లలో నీళ్ళు బాటసారుల దాహానికి దాతలు వదిలినవి, బండికి పోస్తే పాపమని ఈయనే అందరికీ చెబుతాడు.

దువా చెయ్యి.

తఖియ్య


జెడ్డా
జూన్

అక్కా,

హుదైదా వెళ్తున్న మనిషి చేతికి ఇస్తున్నాను. కొత్త పైపు కూడా పంపుతున్నాను. మీరు బయల్దేరేలోపు అందాలి. అందకపోతే ఏమిటన్నది ఆలోచించలేకపోతున్నాను. ఇక్కడ ఏ బండి బానెట్ ఎత్తినా నువ్వే కనిపిస్తున్నావు. ఎక్కడున్నా ఒక్క ముక్క రాయి. బావ మీద కోపం లేదని చెప్పు.

హమూద్


సనా, ఆస్పత్రి
జూలై

తమ్ముడూ,

ఆడపిల్ల. బతికింది. నేనూ బతికాను. ముందు ఇది చదువుకుని ఊపిరి పీల్చుకో, మిగతాది మెల్లగా చదువు. కుట్లు లాగుతున్నాయి, పడుకునే రాస్తున్నాను.

నువ్వు పంపిన పైపు బాజిల్ చేరిందని ఇక్కడికి కబురొచ్చింది. మేం బయల్దేరాకే చేరింది.

నన్ను ముందు సీట్లో ఒక్కదాన్నే కూర్చోబెట్టాడు. వెనక నిండా జనం. పక్కకి తిరిగితే చాలు, మీటరు కనిపిస్తుంది. అందరూ లోయలు చూశారు, నేను ముల్లుని చూశాను. మైదానం దాటేదాకా కింద పడుకుంది. ఘాటు మొదలయ్యాక లేచింది. మధ్య దాటింది. మనాఖా దగ్గర పడేసరికి ఎర్రగీత అంచున ఉంది. ఆయన ముఖం కూడా అలాగే ఉంది. పెదాలు కదుపుతూ ఏదో దువా చదువుకుంటున్నాడు.

ఒక మలుపు తిరిగాం. కొండగాలి తగిలింది. ముల్లు పడిపోయింది. మెల్లగా దిగడం కాదు తమ్ముడూ, చెయ్యి వదిలేసినట్టు పడిపోయింది.

"చూశావా? గాలి తగలగానే ఎలా చల్లబడిందో" అన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో నవ్వాడు. నేను హీటర్ తిప్పాను. నా ముఖానికి చల్లటి గాలి కొట్టింది. ఆయన చెయ్యి చాపి ఆ గాలి చూసుకుని, "అబ్బ, హీటర్ కూడా చల్లగా వస్తోంది. మీ తమ్ముడికి రాయి ఇది" అన్నాడు.

ఆపమన్నాను. నవ్వాడు. తమ్ముడు రాశాడన్నాను. నవ్వు పోయి ముఖం ముడుచుకుంది, యాక్సిలేటర్ ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంజన్లోంచి ఎండిన గింజలు వేయిస్తున్నట్టు చప్పుడు మొదలైంది. ఇక నాకు వేరే దారి తోచలేదు. కడుపు పట్టుకుని నొప్పులని అరిచాను.

అంతే, ఆపేశాడు. ఆ మాటకి తప్ప ఇంక దేనికీ ఆపేవాడు కాదు.

దిగి బానెట్ ఎత్తాడు. కింది పైపు చీలిపోయి వేలాడుతోంది. చుక్క నీళ్ళు లేవు. ఆయన నిలబడి చూసిన తీరు నేను ఈ జన్మలో మర్చిపోను. తర్వాత పిచ్చెక్కినట్టు పరిగెత్తాడు. పాత ట్యూబు ముక్కలు చీల్చి పైపుకి బిగించి కట్టాడు. రోడ్డు పక్కనే రాతితో కట్టిన సబీల్ ఉంది. చేద తీసుకున్నాడు. వెనక సీట్లోంచి దిగిన పెద్దాయన, హరాజ్ పల్లెలో నమాజు చదివించేవాడట, అడ్డం వచ్చాడు.

"అది దాహానికి వదిలిన నీళ్ళు బాబూ. దాత పెట్టిన షరతు అది."

"నా పెళ్ళానికి నొప్పులొస్తున్నాయి తాతా. తప్పుకో."

పెద్దాయన తప్పుకున్నాడు. ఆ మాట విని అందరూ తప్పుకున్నారు, సాయం కూడా పట్టారు. ఈయన నిండు చేదతో ఇంజన్ దగ్గరికి వస్తున్నాడు. అక్కడ ఇనుము చిటచిటలాడుతోంది. నాకు నీ ఉత్తరంలో ఆ వాక్యమే కళ్ళముందు. ఆ నీళ్ళు పడితే హెడ్డు పగులుతుంది. పగిలితే ఆ కొండమీద ఆ బండి ఇక కదలదు. నా అబద్ధమే ఆయన్ని పరిగెత్తిస్తోంది.

"పొయ్యకు. నాకు నొప్పుల్లేవు" అన్నాను.

ఆయన ఆగాడు. "ఏమన్నావు?"

"అబద్ధం చెప్పాను. నువ్వు ఆపాలని చెప్పాను. అది చల్లారేదాకా నీళ్ళు పొయ్యకు, పగులుతుంది."

అందరూ విన్నారు. ఎవడో వెనకనించి కిసుక్కున నవ్వాడు. బాజిల్ స్టాండుకి ఆ నవ్వు మాకంటే ముందే చేరుతుందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. నిండు చేద ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఇంజన్ మీద పోస్తాడో, నా మీద పోస్తాడో అనుకున్నాను. మెల్లగా కింద పెట్టాడు. వచ్చి ఇంజన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను దిగి పక్కన నిలబడి నువ్వు రాసిందంతా చెప్పాను, చూడకుండా, వరసగా. ఈసారి లేచి వెళ్ళలేదు.

పెద్దాయనకి మాత్రం కోపం వచ్చింది. "అబద్ధం మీద దాహపు నీళ్ళు తోడిస్తావా అమ్మా? నొప్పులే లేకపోతే ఇక ఆ నీళ్ళు బండికి ఎలా పోస్తారు?"

అప్పుడు నాకూ ఒళ్ళు మండింది. "నాకు దాహంగా ఉంది తాతా. నా వంతు నీళ్ళు నాకు వస్తాయా రావా?"

"ఎందుకు రావు? తాగు."

"నా వంతు నా చేతికి వచ్చాక నేను తాగుతానో, మానుకుని ఇంకొకరికి పోస్తానో నా ఇష్టమా కాదా?"

పెద్దాయన ఆలోచించాడు. గడ్డం నిమురుకున్నాడు. నీ ఇష్టమేనన్నాడు. నేను చెంబు నింపి తీసుకుని, ఎండిన నోటితోనే ఇంజన్ పక్కన పెట్టాను. కోళ్ళబుట్టతో వచ్చిన ముసలావిడ తన గిన్నె నింపి నా చెంబు పక్కన పెట్టింది. తర్వాత బట్టల బేరగాడు. తర్వాత కిసుక్కున నవ్వినవాడు కూడా. ఎండలో నిలబడి తమ తమ దాహం అక్కడ వరసగా పెట్టారు. అందరికంటే ఆఖర్న పెద్దాయన వచ్చాడు. "మనల్ని మోస్తున్నది కదా, దానికీ దప్పికే" అని తన మరచెంబు పెట్టాడు.

మీ బావ ఇంజన్ హెడ్డు మీద అరచెయ్యి పెట్టి తీసేస్తున్నాడు, మళ్ళీ పెట్టి తీసేస్తున్నాడు. ఎండ వాలాక ఒకసారి పెట్టి తియ్యలేదు. నా చెయ్యి పట్టుకుని తన చెయ్యి పక్కన ఆనించాడు. వెచ్చగా ఉంది, అంతే. తల ఊపాను. ముందు నా చెంబే పోశాడు, కొంచెం కొంచెంగా.

హీటర్ పూర్తిగా తెరిచి వచ్చాం. అందరూ ఉడికిపోయారు, ఎవరూ సణగలేదు. సనా ఆస్పత్రి గుమ్మం దగ్గర దించి, డాక్టరమ్మ నన్ను లోపలికి తీసుకెళ్తుంటే, అప్పుడు మాట్లాడాడు. "ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టమన్నాను కదా." పెట్టలేదన్నాను. "మంచి పని చేశావు" అన్నాడు.

తఖియ్య


బాజిల్
సెప్టెంబర్

బామ్మర్ది హమూద్‌కి, బావ ముక్బిల్ చెప్పి రాయిస్తున్నది.

నువ్వు పంపిన పైపు బిగించాను. బండి బాగుంది. పిల్ల బాగుంది, నీ ముక్కే వచ్చింది పాపం. స్టాండులో నన్ను చూసి ఇంకా నవ్వుతున్నారు, నవ్వనీ. మనాఖా వెళ్ళినప్పుడల్లా ఆ సబీల్లో రెండు డబ్బాల నీళ్ళు పోసి వస్తున్నాను. పెద్దాయన అడగలేదు, నేనే పోస్తున్నాను.

మే నెల ఉత్తరం మళ్ళీ మొదట్నుంచి చదవమన్నాను. మీ అక్క ఒకచోట మింగేసింది. మింగింది కూడా చదివించుకున్నాను. బింకం అని రాశావు. సరే.

ఇంకో సంగతి. సాంబ్రాణి డబ్బాలో బిళ్ళ ఇంకా ఉందట. నిన్న కిషర్ గిన్నెలో వేసి నేను కూడా చూశాను. నోరు తెరుస్తోంది. దాన్ని మళ్ళీ ఇంజన్లో కూర్చోబెట్టాలంటే కింద వేసే వాషర్ కావాలి. ఉబైద్ దగ్గర లేదు, వాడు ఎప్పుడూ పీకడమే గానీ పెట్టడం చెయ్యలేదు. ఒకటి పంపు. అంతే సంగతులు.

తమ్ముడూ, ఆయన చెప్పింది అక్షరం మార్చకుండా రాశాను. కలం కింద పెట్టి, ఎప్పట్లాగే ఆయన లేచి వెళ్ళడం కోసం ఎదురుచూస్తూ పిల్లని సర్దుకుంటున్నాను. ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నేను చెప్పేది ఎప్పుడూ నాలుగు ముక్కలు. కాగితం మాత్రం రెండు వైపులా నిండుతుంది. నాకు చదవడం రాదు గానీ చూడటం వచ్చు కదా" అన్నాడు.

నేను కాగితం తిప్పి పెట్టాను.

"అన్నిసార్లూ ఖాత్ కోసమే లేచి వెళ్ళాననుకున్నావా?" అని, వచ్చి నా ఒళ్ళోంచి పిల్లని ఎత్తుకున్నాడు. "నీది రాసుకో. దీన్ని నేను ఆడిస్తుంటాను."

రాయడానికి కూర్చున్నాను. ఈసారి ఆయనకి తెలియకుండా చెప్పాల్సింది ఏమీ లేదు.

అక్క తఖియ్య